నీళ్లు అలాగే ఉన్నాయి, పిట్టలు లేవు: ఒక ఏటి మొగలో ల్యాండ్ కవర్ మార్పుల కేస్ స్టడీ

నేపథ్యం

ఇది ఒక ఏటి మొగ కేసు. ల్యాండ్ కవర్ అంటే నేలను కప్పి ఉన్నది ఏమిటన్నది: నీరో, బురదో, చెట్లో. ఏ తీరమో, పని అప్పగించింది ఎవరో చెప్పడం లేదు. చోటును పట్టిచ్చే వివరాలన్నీ తీసేశాం. కేసు అర్థం కావడానికి కావలసిన రూపురేఖలు ఇవి: ఏటికి రెండు పక్కలా మడ అడవి. మడకు ముందు, సముద్రం వైపు, పాటు వేళ తేలి పోటు వేళ మునిగే బురదమేటలు. మడకు వెనక, నేల వైపు, పాత ఉప్పు మడులు, వాటి నడుమ ఏటా పెరుగుతూ వచ్చిన రొయ్యల చెరువులు. వలస కాలంలో ఉల్లంకి జాతి పిట్టలు పెద్ద గుంపులుగా దిగే చోటు.

ఈ పిట్టల రోజు ఎలా గడుస్తుందో తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. వాటికి పగలు, రాత్రి కంటే పోటు, పాటు ముఖ్యం. పాటు వేళ బురదలోని పురుగులు, చిన్న ఆల్చిప్పలు, పీతపిల్లలు ఏరుకు తింటాయి. పోటెక్కి బురద మునిగితే తిండి లేదు. అప్పుడు చుట్టూ బయలుగా ఉండి, నీళ్లు తమ కాళ్ల ఎత్తు దాటని చోటు వెతుక్కుని, గుంపుగా నిలబడి మళ్లీ పాటు తీసేదాకా సేద తీరుతాయి. అలాంటి చోటును ఈ వ్యాసంలో విడిది అంటున్నాం. మేత చోటు బాగున్నా దగ్గర్లో విడిది లేకపోతే, ప్రతి పోటుకూ దూరం ఎగిరి వచ్చే ఖర్చును పిట్ట భరించలేదు.

వచ్చిన సమస్య

మా దగ్గరికి వచ్చేసరికే మూడు గ్రాఫులు సిద్ధంగా ఉన్నాయి, మూడూ కిందికే. ఉపగ్రహ చిత్రాల మీద చేసిన పటాల్లో బురదమేటల విస్తీర్ణం బాగా తగ్గింది. మడ అడవి పచ్చదనం 2022 నుంచి ఒక్కసారిగా పడిపోయింది. ఉల్లంకుల లెక్క కూడా తగ్గింది. వాటి మీద నిర్ణయం కూడా దాదాపు అయిపోయింది: తీరం కోతకు గురై బురద పోయింది, బురద పోయింది గనక పిట్టలు పోయాయి, కాబట్టి మిగిలిన బురదమేట మీద మడ మొక్కలు నాటి తీరాన్ని నిలబెట్టాలి.

నమ్మశక్యంగా ఉన్న కథే. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచ పటం ప్రకారం పోటు బురదమేటలు కనీసం 1,27,921 చదరపు కిలోమీటర్లు. సరిపడా చిత్రాలున్న ప్రాంతాల్లో 1984 నుంచి 2016 మధ్య వాటిలో 16 శాతం పోయాయి. ఈ ధోరణి తెలిసినవాళ్లు ఈ మొగలోనూ అదే జరిగిందనుకోవడంలో వింత లేదు.

కానీ ప్రతిపాదించిన మందు ప్రమాదకరం. తెరిచి ఉన్న బురదమేట మీద మడ నాటితే, మొక్క బతికితే మేత చోటు పోతుంది. చాలాచోట్ల మొక్క బతకదు కూడా, ఎందుకంటే మడ సహజంగా మొలిచే ఎత్తు కంటే బురదమేట కిందికి ఉంటుంది, రోజులో ఎక్కువ గంటలు నీటిలోనే ఉంటుంది. రోగ నిర్ధారణ తప్పయితే ఇక్కడ మందే రోగమవుతుంది. అందుకే తీరానికి ఏమైందని అడిగే ముందు కొలతకు ఏమైందని అడగాలని మొదటి నిర్ణయం తీసుకున్నాం. మూడు గీతలు ఒకేసారి పడినంత మాత్రాన వాటికి కారణం ఒకటే కానక్కర్లేదు.

మొదట చేసినవి, ఎందుకు పనికిరాలేదు

తేలికైన దారి ముందు చూశాం: ఉచితంగా దొరికే, 10 మీటర్ల పిక్సెళ్ల ప్రపంచ పటాల్లో రెండేళ్లవి తీసుకుని ఒకదాన్నుంచి ఒకటి తీసేయడం. ఐరోపా అంతరిక్ష సంస్థ (ఈసా) వరల్డ్‌కవర్ 2020, 2021 పటాలు అలాంటివి. ఈ దారిని ఒక్క రోజులోనే వదిలేశాం. ఆ రెండు పటాలను రెండు వేర్వేరు అల్గారిథం వెర్షన్లతో చేశారు, రెండింటి మధ్య తేడాలో నేల మారినది ఎంతో, పద్ధతి మారినది ఎంతో విడదీయలేమని తయారుచేసినవాళ్లే చెప్పారు. పైగా వాటి మొత్తం కచ్చితత్వం 2020కి 74.4 శాతం, 2021కి 76.7 శాతం. బురదమేటకు అందులో ప్రత్యేక తరగతి కూడా లేదు. అది ఒకచోట నీరుగా, ఒకచోట ఖాళీ నేలగా పడుతుంది.

తర్వాత సొంతంగా వర్గీకరణ చేశాం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో ఏడాదికొక మధ్యస్థ చిత్రం (ప్రతి పిక్సెల్‌కూ ఆ ఏడాది విలువల్లో నడిమిది), దాని మీద ర్యాండమ్ ఫారెస్ట్ అనే వర్గీకరణ పద్ధతి. తొలి ఏడాది, చివరి ఏడాది పటాలు పోల్చాం. ముందువాళ్లు చేసిందీ ఇదే పద్ధతి, ఫలితం కూడా దాదాపు అదే వచ్చింది. రెండు పటాలను విడివిడిగా చేసి పోల్చినప్పుడు తప్పులు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. ఒక్కోటి 90 శాతం సరైనదైతే, రెండూ సరైనవయ్యే పిక్సెళ్లు సుమారు 81 శాతమే. మార్పు జరిగిన నేల మొత్తంలో ఐదు శాతమే అయినప్పుడు మిగతా 19 శాతం తప్పులు దాన్ని మింగేస్తాయి.

అయితే పటాన్ని పారేయకుండా దాని ఆకారం చూడటం మేలు చేసింది. నిజమైన మార్పుకు ఒక రూపు ఉంటుంది. చెరువు తవ్వితే గట్లు నిటారు గీతలుగా కనిపిస్తాయి. ఏరు కోస్తే వంపు బయటి వైపు కోత, లోపలి వైపు మేట కనిపిస్తాయి. ఈ పటంలో పోయిన బురద అలా లేదు. మొగ పొడవునా, రెండు ఒడ్లనా, నీటి అంచు వెంటే ఒకే వెడల్పు పట్టీగా ఉంది. కోత ఎప్పుడూ అంత సమంగా జరగదు. అలాంటి పట్టీ కనబడగానే ముందు అనుమానించాల్సింది నీటి మట్టాన్ని.

పోటు గడియారం, ఉపగ్రహ గడియారం

సెంటినెల్-2 ఏ చోటు మీదైనా ఉదయం సుమారు 10:30కే దాటుతుంది, అది సూర్యుడి గడియారంతో కట్టుబడి తిరుగుతుంది. పోటు మాత్రం చంద్రుడి గడియారంతో నడుస్తుంది, 12 గంటల 25 నిమిషాలకొకసారి. అందువల్ల ఉపగ్రహం ఒక్కో రోజు ఒక్కో మట్టాన్ని చూస్తుంది, కొన్నాళ్లకు అన్నీ సరిపోతాయి అనుకుంటాం. సరిపోవు. ఒక తీరంలో అమావాస్య, పున్నమి పోట్లు ఎప్పుడూ దాదాపు ఒకే గడియకు వస్తాయి. ఈ మొగలో అది ఉదయం పది, పదకొండు మధ్య. అంటే అమావాస్యకూ పున్నమికీ ఉపగ్రహం చూసేది నిండు పోటునే. పాటు దొరికేది అష్టమి రోజుల్లో, అదీ మట్టం పెద్దగా దిగని బలహీనపు పాటు. అమావాస్య నాటి లోతైన పాటును, అంటే బురదమేట అట్టడుగు అంచును, ఈ ఉపగ్రహం ఈ తీరంలో ఎన్నేళ్లు చూసినా చూడలేదు.

ఈ పక్షపాతం ఏటా ఒకేలా ఉంటే పోలికకు అంత హాని లేదు. మబ్బులు దాన్ని ఒకేలా ఉండనివ్వలేదు. 2017 మార్చిలో రెండో ఉపగ్రహం వెళ్లేదాకా సెంటినెల్-2 పది రోజులకొకసారే వచ్చేది. తొలి ఏడాదిలో మబ్బు లేని చిత్రాలు కొద్ది, అవి ఎక్కువగా అష్టమి దరిదాపులవి. చివరి ఏడాదిలో నిండు పోటు రోజులవి ఎక్కువ పడ్డాయి. మధ్యస్థ విలువ ఇక్కడ ఇంకో దెబ్బ కొడుతుంది: సగం కంటే ఎక్కువ చిత్రాల్లో బురద తేలితే పిక్సెల్ బురద, సగం కంటే తక్కువైతే నీరు. నిష్పత్తి 55 నుంచి 45కి జారితే చాలు, పట్టీ మొత్తం ఒక్క ఏడాదిలో బురద నుంచి నీరైపోతుంది, నేల అంగుళం కదలకుండానే.

ఎంత జారుతుందో లెక్క వేసి చూడండి. బురదమేట వాలు 500కి 1 అనుకుంటే, నీటి మట్టంలో 20 సెంటీమీటర్ల తేడా నీటి అంచును అడ్డంగా 100 మీటర్లు జరుపుతుంది. అది సెంటినెల్-2లో 10 పిక్సెళ్లు, 30 మీటర్ల పిక్సెళ్లున్న ల్యాండ్‌శాట్‌లో మూడుకు పైగా.

సరిచేసిన తీరు ఇది. ప్రతి చిత్రానికీ అది తీసిన నిమిషానికి నీటి మట్టం ఎంతో జత చేశాం. మొదట ఫెస్2014 లాంటి ప్రపంచ పోటు నమూనా వాడాం. మొగ బయట అది బాగానే ఉంది. లోపలి పాయల్లో పోటు అరగంటకు పైగా ఆలస్యంగా చేరుతోంది, నమూనాకు ఆ సంగతి తెలియదు. అందుకని పాయలో నీటి పీడనం నమోదు చేసే ఒక ప్రెషర్ లాగర్‌ను, పాటు వేళ కూడా మునిగి ఉండే చోట, ఇనుప గొట్టానికి బిగించి పది నిమిషాలకొక రీడింగ్ చొప్పున 30 రోజులకు పైగా ఉంచాం. నెల కంటే తక్కువైతే పోటులోని దగ్గరి దగ్గరి కాల వ్యవధులున్న భాగాలను విడదీసే లెక్క నిలబడదు. ఒడ్డున గాలి పీడనం కొలిచే రెండో లాగర్ తప్పనిసరి. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ మారితే నీటిలోని లాగర్ 1 సెంటీమీటర్ తేడా చూపిస్తుంది, దాన్ని తీసేయకపోతే వాయుగుండం కూడా పోటులా కనిపిస్తుంది. లాగర్ గొట్టం బురదలో దిగబడుతుందేమో చూడటానికి గట్టి కట్టడం మీద ఒక గుర్తు పెట్టుకుని మొదట, చివర లెవెల్ కొలవాలి.

మట్టాలు చేతికొచ్చాక చిత్రాలన్నిటినీ కలపడం మానేశాం. ఎంచుకున్న మూడు మట్టాల దగ్గర, ఒక్కోదానికి 15 సెంటీమీటర్లు అటూఇటూ ఉన్న చిత్రాలను మాత్రమే తీసుకుని, ఒక్కో మట్టానికి ఒక్కో నీటి అంచు గీశాం. ఆకుపచ్చ బ్యాండు, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండులతో లెక్కించే, నీటిని గుర్తించే సూచిక ఎంఎన్‌డీడబ్ల్యూఐ బురదనీటిలో మిగతా సూచికల కంటే బాగా పనిచేసింది. షార్ట్‌వేవ్ బ్యాండు 20 మీటర్లదని గుర్తుంచుకోవాలి, 15 మీటర్ల పాయలు దానికి అందవు. అదే మట్టం దగ్గర అదే అంచును పోల్చినప్పుడు మొగ బయటి బురదమేట పోలేదు. ఒక ఒడ్డున కోత, ఎదుటి ఒడ్డున మేట, అంతే.

దశాబ్దాల పోలిక చేసేవాళ్లకు ఇంకో మాట. చంద్ర కక్ష్య వంపు 18.6 ఏళ్ల చక్రంలో మారుతుంది, దాంతో ప్రధాన చంద్ర పోటు పరిమాణం సుమారు 3.7 శాతం అటూఇటూ ఊగుతుంది. పోటు ఎత్తు ఎక్కువగా ఉన్న తీరాల్లో 9 ఏళ్ల తేడాతో తీసిన చిత్రాలు పోల్చేటప్పుడు అది లెక్కలో ఉండాలి.

మడ పచ్చదనం పడిపోలేదు

రెండో గ్రాఫు తేల్చడానికి ఒక పూట సరిపోయింది. తగ్గుదల 2022 జనవరి చివర్లో, గీత గీసినట్టు మొదలైంది. అడవి అలా ఒక్క వారంలో అంతటా సమంగా వాడిపోదు.

2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 డేటాలో ప్రతి పిక్సెల్ అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు, వాడేముందు దాన్ని తీసేయాలి. పాత స్క్రిప్టు ఆ పని చేయలేదు. ఒక మడ పిక్సెల్ తీసుకోండి: సమీప పరారుణం 3000, ఎరుపు 300. పచ్చదనం కొలిచే ఎన్‌డీవీఐ సూచిక అంటే తేడా 2700ను మొత్తం 3300తో భాగించడం, 0.82. ఇప్పుడు రెండిటికీ 1000 కలపండి: 4000, 1300. తేడా అదే 2700, మొత్తం 5300, ఎన్‌డీవీఐ 0.51. దట్టమైన మడ కాగితం మీద పొదల నేలైపోయింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అని పేరున్న సేకరణ తీసుకుంటే ఆ 1000 తీసేసే ఉంటుంది. విడి ఫైళ్లు దించుకునేవాళ్లు తామే తీసేయాలి.

సరిచేశాక ఒక చిన్న తగ్గుదల మిగిలింది, పలచగా, పొట్టిగా ఉన్న మడలో మాత్రమే. అది కూడా మట్టమే. పోటు వేళ చెట్ల కింద నీళ్లుంటే సమీప పరారుణం తగ్గుతుంది. పాటు చిత్రాలతోనే లెక్కిస్తే అదీ పోయింది. ఇంకా చెప్పాలంటే పై బురదమేట మీదికి మడ తనంతట తానే ముందుకు నడుస్తోంది. పచ్చదనం పెరిగింది కాబట్టి పటాల్లో ఇది లాభం పద్దులోకి వెళ్తుంది. ఉల్లంకుల పద్దులో మాత్రం నష్టం.

పిట్టల లెక్క నిజమే, కానీ

మూడో గ్రాఫును అలా కొట్టిపారేయలేకపోయాం. పాత లెక్కలు వీలైనప్పుడల్లా తీసినవి, కొన్ని పోటులో, కొన్ని పాటులో. పాటు వేళ పిట్టలు కిలోమీటర్ల బురద మీద చెదిరి ఉంటాయి, దూరాన ఉన్నవి కంటికి ఆనవు. పోటు వేళ విడిదిలో గుంపుగా ఉంటాయి, లెక్కకు దొరుకుతాయి. ఈ రెండూ ఒకే వరుసలో పెట్టి గీత గీస్తే ఆ గీతకు అర్థం లేదు. ముందుగా మేం చేసిన పొరపాటు కూడా అదే: ఉన్న లెక్కలన్నిటినీ విస్తీర్ణంతో కోరిలేషన్ పెట్టి చూశాం. మంచి సంబంధమే వచ్చింది. రెండిటి వెనకా ఉన్నది పోటే కాబట్టి వచ్చింది.

పాత నోటు పుస్తకాల్లో తేదీ, మొదలుపెట్టిన గంట రాసి ఉండటం అదృష్టం. లాగర్ నుంచి వచ్చిన పోటు లెక్కను వెనక్కి నడిపి, ప్రతి పాత లెక్కకూ అప్పటి మట్టం జత చేశాం. పెద్ద పోటు (అమావాస్య, పున్నమి పోటు) గరిష్ఠానికి రెండు గంటలు ముందు, రెండు గంటలు తర్వాత లోపల తీసినవి మాత్రమే ఉంచి, మిగతావి పక్కన పెట్టాం. సగానికి పైగా పోయాయి, మనసుకు కష్టమనిపించినా. మిగిలినవాటిలోనూ తగ్గుదల ఉంది.

అయితే ఆ తగ్గుదల ఈ మొగదేనా? వలస పిట్ట ఇక్కడ తగ్గడానికి కారణం వేల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. పసుపు సముద్రం ఒడ్డున 50 ఏళ్లలో బురదమేటలు 65 శాతం దాకా పోయాయి. అక్కడ దిగి మేసి పోయే జాతులు తమ దారి పొడవునా తగ్గుతాయి. అందుకే ముందు-తర్వాత పోలికకు తోడు, చెరువుల విస్తరణ లేని పోలిక చోట్లు కావాలి. ఒక్క పోలిక చోటు చాలదు, దానికీ ఏదో సొంత కష్టం ఉండొచ్చు. అదే వలస దారిలో మూడు చోట్లు ఎంచుకుని, ఒకే వారపు పెద్ద పోటులో లెక్కించాం. పోలిక చోట్లలోనూ కొంత తగ్గుదల కనిపించింది. ఆ భాగం ఈ మొగ తప్పు కాదు. అది తీసేశాక మిగిలినది స్థానికం. ఊరకొంగలు, తెల్లకొంగల వంటి స్థానిక పిట్టలు తగ్గకపోవడం ఇంకో ఆధారం. అవి గట్ల మీదా, మడ చెట్ల మీదా సర్దుకుంటాయి. బయలు విడిది లేకపోతే ఆగలేనివి ఉల్లంకులే.

బురదలో తిండి తగ్గిందేమో కూడా చూశాం. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టాన్ని 20 సెంటీమీటర్ల లోతు దించి, చోటుకు ఐదు నమూనాల చొప్పున, పోలిక మొగల్లో కూడా అదే ఎత్తులో ఉన్న బురదలో తీశాం. ఎత్తు ఒకటి కాకపోతే పోలిక వ్యర్థం, బురదలో ఏ జీవి ఎక్కడ ఉంటుందో నిర్ణయించేది ముందుగా అది రోజుకు ఎన్ని గంటలు మునిగి ఉంటుందన్నదే. అక్కడి నీటితోనే 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడిగి, బొరాక్స్ కలిపిన 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచాం. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయాల్సిన పని అది. ఒక గొట్టం విస్తీర్ణం 78.5 చదరపు సెంటీమీటర్లే. అందులో ఒక్క పురుగు దొరికితే చదరపు మీటరుకు 127 అని పడుతుంది. కాబట్టి ఒక్క గొట్టం అంకెను పట్టుకుని వాదించకూడదు. మా మొగ బురద పొరుగు మొగల కంటే పేదగా లేదని తేలింది. పాత నమూనాలు లేవు గనక తగ్గలేదని చెప్పడానికి వీల్లేదు, పేదగా లేదనే రాశాం.

పటానికి కనిపించని మార్పు

మేత ఉంది, మేత చోటు ఉంది, స్థానికంగా పిట్టలు తగ్గాయి. ఇక మిగిలింది విడిది. పెద్ద పోటు రోజున అవి ఎక్కడికి ఎగురుతాయో వెంబడించి చూస్తే పాత లెక్కల్లో ఎక్కువ గుంపులు ఉన్నది మడ వెనక ఉప్పు మడుల్లో. ల్యాండ్ కవర్ పటంలో ఆ మడులు తొలి ఏడాది నీరు, చివరి ఏడాది నీరు. మార్పు సున్నా.

అక్కడికి వెళ్లి గట్టు మీద నిలబడితే సంగతి అర్థమవుతుంది. పాత ఉప్పు మడిలో నీరు జానెడు లోతు కూడా ఉండదు. ఒక మూల తడి బురద, ఒక మూల ఉప్పు పెచ్చు, మధ్యలో పలచని నీటి పొర. ఇప్పుడు అదే చోట నల్లటి ప్లాస్టిక్ లైనర్ పరిచి, మీటరుకు పైగా నీరు నిలిపిన చెరువు. ఏటవాలుగా దిగే లైనర్ మీద పిట్ట కాలు నిలవదు. కొన్ని చెరువుల మీద పిట్టలు వాలకుండా తాళ్లు కట్టి ఉన్నాయి. రొయ్యలకు రోగం రాకుండా రైతు తీసుకునే జాగ్రత్త అది, ఆయన వైపు నుంచి సబబే. ఉపగ్రహం దృష్టిలో రెండూ నీళ్లే, ఉల్లంకికి మాత్రం ఒకటి ఇల్లు, ఇంకోటి గోడ.

పటం దాన్ని పట్టుకోలేకపోవడానికి ఇంకో కారణం మబ్బు ముసుగులో, అంటే చిత్రంలోంచి మబ్బు పిక్సెళ్లను తీసేసే లెక్కలో దొరికింది. ఎండాకాలం ఉప్పు పెచ్చు తెల్లగా మెరుస్తుంది, మబ్బు ముసుగు దాన్ని మబ్బనుకుని తీసేస్తుంది. ఎండిన రోజుల చిత్రాలన్నీ అలా పోయి, తడిగా ఉన్న రోజులవే మిగిలి, ఉప్పు మడి ఏడాదంతా నీటితో నిండిన చెరువుగా పటంలోకి ఎక్కింది. ఇసుక తిన్నెలకు కూడా ఇదే జరుగుతుంది. మబ్బు ఒకే మడి గట్ల మధ్య వరుసగా మూడుసార్లు అచ్చుగుద్దినట్టు నిలవదు. అలా నిలిచినదాన్ని మబ్బు కాదని తిరిగి కలుపుకున్నాం.

ఆ తర్వాత పిక్సెల్ వర్గీకరణ వదిలి, ప్రతి మడి గట్లనూ చేత్తో గీసి, మడినే ఒక యూనిట్‌గా తీసుకున్నాం. ఒక్కో చిత్రంలో ఒక్కో మడి ఎంత శాతం తడిగా ఉందో లెక్కించాం. ఉప్పు మడి ఏడాదిలో ఎక్కువ రోజులు 10 నుంచి 90 శాతం మధ్యే ఉంటుంది, అంచు కదులుతూ ఉంటుంది. లైనర్ చెరువు అయితే నిండా నీరు, లేదా పంట తీశాక పూర్తిగా ఎండు, మధ్య స్థితి దాదాపు ఉండదు. పాక్షిక తడి ఉన్న చిత్రాల వాటా అనే ఈ ఒక్క కొలత, పెద్ద యంత్రాభ్యాసం ఏదీ లేకుండా, మారిన మడులను విడదీసింది. బురదనీటిలో ఉపగ్రహంతో లోతు కొలవాలని మాత్రం ప్రయత్నించలేదు. అడుగు కనిపించని నీటిలో ఆ లెక్కకు ఆధారం లేదు.

విస్తీర్ణం అంకె చెప్పేటప్పుడు పటంలోని పిక్సెళ్లు లెక్కపెట్టి ఇవ్వలేదు. తరగతుల వారీగా యాదృచ్ఛిక బిందువులు తీసి, స్పష్టమైన చిత్రాల మీదా నేల మీదా సరిచూసి, ఆ తప్పుల పట్టికతో విస్తీర్ణాన్ని సరిదిద్దాం. ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 10,000 హెక్టార్లలో 100 హెక్టార్లు మారాయని పటం అంటుంది. మారని 9,900లో 200 బిందువులు చూస్తే 2 నిజానికి మారినవిగా తేలాయనుకోండి. 1 శాతమే కదా అనిపిస్తుంది, కానీ 9,900లో 1 శాతం 99 హెక్టార్లు. మార్పు అంకె దాదాపు రెట్టింపు. అందుకే మార్పు కనిపించిన చోట్ల చుట్టూ 50 మీటర్ల పట్టీని వేరే తరగతిగా పెట్టి, అక్కడ ఎక్కువ బిందువులు వేశాం. జారిపోయిన మార్పులు ఎక్కువగా ఆ అంచుల్లోనే ఉంటాయి.

చేతల్లో

బురదమేట మీద మడ నాటే ప్రతిపాదన ఆగింది. దాని బదులు, వాడకంలో లేని రెండు ఉప్పు మడుల్లో నీటి మట్టం నడపడానికి వాటి యజమానులు ఒప్పుకున్నారు. తూము చెక్కలతో వలస కాలంలో నీటిని 5 నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర నిలపడం, పెద్ద పోటుకు రెండు రోజుల ముందే ఆ మట్టానికి తేవడం పని. చిన్న ఉల్లంకులకు 5 కూడా ఎక్కువే, కాబట్టి అడుగును ఒక వైపు కాస్త ఎత్తుగా వదిలేశాం.

మొదటి మడిలో పిట్టలు త్వరగానే దిగాయి. రెండోది ఆ కాలమంతా ఖాళీ. లోతు సరిగానే ఉంది, మేతకు దూరం కూడా తక్కువే. తేడా గట్టు మీద ఉంది: రెండు వైపులా మనిషెత్తు తుమ్మ పొదలు. డేగ ఎటు నుంచి వస్తుందో కనిపించని చోట ఉల్లంకులు నిలవవు. మరుసటి కాలానికి ముందు ఆ పొదలు కొట్టించాం, మడ మొక్క ఒక్కటి కూడా తాకకుండా. ఆ తర్వాత అదీ నిండింది.

ఇప్పుడు లెక్క తీసే ప్రతి ఫారంలో పిట్టల సంఖ్యకు ముందు ఆరు గడులు నింపాలి: తేదీ, మొదలెట్టిన నిమిషం, లాగర్ మట్టం, మడిలో పాతిన పీవీసీ కర్ర మీద నీటి లోతు, గట్టు మీది పొదల ఎత్తు, గత గంటలో మనుషులో కుక్కలో వచ్చి పిట్టలను లేపిన సార్లు. చివరి గడి చేర్చకముందు రెండు ఖాళీ లెక్కలకు కారణం దొరకలేదు.

ఈ తీరంలో పెద్ద పోటు ఉదయం పదింటికి వస్తే, దాని జోడీ రాత్రి పదిన్నరకు వస్తుంది. అంటే పెద్ద పోట్లలో సగం చీకట్లోనే. పగటి విడిదీ రాత్రి విడిదీ ఒకటే కానక్కర్లేదు, నక్కల భయానికి రాత్రి వేరే చోట చేరడం ఉల్లంకుల్లో ఉన్నదే. అందుకే తర్వాతి వలస కాలానికి థర్మల్ స్కోపుతో రాత్రి లెక్కలు పెట్టుకున్నాం, ముందుగా ఆ రెండు మడుల దగ్గర, తర్వాత మొగ చివరి ఇసుక తిన్నె దగ్గర.